చెన్నైలో మన సర్కారు బడికి తెలుగు టీచరును తెచ్చుకోవడం, నిలుపుకోవడం ఎలా?

రాయపురం, వ్యాసర్పాడి, పెరంబూరు, కణ్ణగి నగర్. చెన్నైలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఏ పేటకు వెళ్ళినా, తెలుగు చెప్పే సర్కారు బడి గురించి జూన్‌లో ఒకటే మాట వినిపిస్తుంది: "తెలుగు మిస్ లేరండీ." ఈ మాట వెనక రెండు వేరు వేరు సమస్యలు ఉంటాయి. పోస్టు ఉండి మనిషి రాకపోవడం ఒకటి. పోస్టే ఎత్తేయడం ఇంకొకటి. మొదటిదానికి తిరగాల్సిన ఆఫీసులు వేరు, రెండోదానికి చేయాల్సిన పని వేరు. ఈ తేడా తెలియకుండా అర్జీలు పట్టుకుని తిరిగితే చెప్పులు అరగడమే మిగులుతుంది.

మీరు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులు కావచ్చు, పిల్లల తల్లిదండ్రులు కావచ్చు, ఆ బడిలో చదివి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నవారు కావచ్చు. పర్మనెంట్ టీచరును వేసే అధికారం మీకెవరికీ లేదు. కానీ పోస్టు పోకుండా చూడటం, ఖాళీ ఉన్నన్నాళ్ళు సరైన మనిషిని వెతికి కూర్చోబెట్టడం, వచ్చిన మనిషి పారిపోకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు మీ చేతుల్లోనే ఉంది.

ముందు కాగితం చూడండి

హెచ్.ఎం. గారిని మూడు సంగతులు అడగండి. మన బడికి మంజూరైన తెలుగు పోస్టులు ఎన్ని? అవి ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడా, పై తరగతులకు చెప్పే బి.టి. అసిస్టెంటా? కిందటి స్టాఫ్ ఫిక్సేషన్‌లో ఏమని రాశారు?

తమిళనాడులో ఏటా ఆగస్టు 1 నాటికి ఉన్న పిల్లల సంఖ్యను బట్టి టీచర్ల లెక్క తేలుస్తారు, స్టాఫ్ ఫిక్సేషన్ అంటే ఇదే. ఆ రోజు ఎమిస్‌లో, అంటే పిల్లల వివరాలు నమోదు చేసే విద్యాశాఖ ఆన్‌లైన్ వ్యవస్థలో, కనిపించే అంకె ఒక్కటే లెక్క. సెప్టెంబరులో పదిమంది వచ్చి చేరినా ఆ ఏడాదికి పనికిరారు. పిల్లలు తగ్గితే టీచరును సర్‌ప్లస్ అని ఇంకో బడికి పంపేస్తారు, పోస్టూ వెళ్ళిపోతుంది. ఒకసారి పోయిన పోస్టును వెనక్కి తేవడం, ఉన్న పోస్టును నింపుకోవడం కంటే చాలా కష్టం.

లెక్క మీకు కూడా తెలిసి ఉండాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. 150 దాటితే ఐదుగురితో పాటు ప్రత్యేకంగా ఒక హెడ్ టీచరు. ఇక మాతృభాషలో చదువు సంగతికి వస్తే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం పెట్టుకున్న కొలత ఒకటుంది. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఆ భాష పిల్లలుంటే వాళ్ళ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలన్నది అది. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు చెబుతోంది. అర్జీలో ఈ రెండూ రాయండి. ఆఫీసులో అర్జీ తీసుకునేవారికి 40 అన్న అంకె కనిపించాలి, ఆ 40 మంది పేర్లు వెనక జత చేసి ఉండాలి.

హెచ్.ఎం. దగ్గర సమాచారం దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మంజూరైన పోస్టులు, ఖాళీ అయిన తేదీ, ఆ ఖాళీని బదిలీల కౌన్సెలింగ్‌లో చూపించారా లేదా అన్నవి విడివిడిగా అడగండి. అన్నీ ఒకే ప్రశ్నలో కుక్కితే జవాబు కూడా ఒక్క ముక్కలోనే వస్తుంది.

ఆగస్టు 1 లోపు పిల్లల లెక్క

ఈ పని టీచర్ల నియామకంలో భాగమని చాలామంది అనుకోరు. నా లెక్కలో సగం పని ఇదే.

ఎమిస్‌లో తెలుగు ఇంటి పిల్లవాడు తమిళ మీడియం కింద నమోదై ఉండటం మామూలే. చేర్చేటప్పుడు ఎవరో టిక్కు పెట్టేశారు, ఎవరూ చూడలేదు. మాతృభాష గడిలోనూ అదే కథ. జూన్, జులై నెలల్లో హెచ్.ఎం. అనుమతితో తరగతుల వారీగా కూర్చుని ఒక్కో పేరు సరిచూడండి. పాస్‌వర్డు మాత్రం మీరు అడగొద్దు, లాగిన్ టీచరే చేయాలి. మీ పని కాగితం మీద జాబితా రాయడం, ఆధార్ జిరాక్సులు తెప్పించడం, సంతకం పెట్టాల్సిన తల్లిదండ్రులను బడికి తీసుకురావడం.

కొత్త పిల్లలను తేవాలంటే మార్చి నుంచే కదలాలి. ఈమధ్య సర్కారు బళ్ళలో అడ్మిషన్లు అప్పుడే మొదలవుతున్నాయి. ఇంటింటికి వెళ్ళినప్పుడు "మన భాష చచ్చిపోతోంది" అని మొదలుపెట్టకండి. పారిశుధ్య పనికి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళే తల్లికి ఆ మాట ఎక్కదు. ఆమె అడిగేవి వేరు: ఇంగ్లీషు వస్తుందా, తమిళం పరీక్ష గట్టెక్కుతుందా, పొద్దున టిఫిన్ పెడతారా. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళం అందరికీ తప్పనిసరైంది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి పైకి జరిగి 2015-16కి పదో తరగతి చేరింది. దాన్ని మనం తిట్టుకుంటూ కూర్చున్నంతకాలం పిల్లలు పక్క బడికి వెళ్ళిపోతూనే ఉంటారు. "తమిళం గట్టిగా వస్తుంది, ఇంటి భాషలో చదవడం రాయడం కూడా వస్తుంది" అని చెప్పగలిగిన బడి నిలబడుతుంది. అలా చెప్పాలంటే తెలుగు టీచరు, తమిళ టీచరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పర్మనెంట్ పోస్టు దారి

రెగ్యులర్ టీచరు వచ్చేది రెండే దారుల్లో. టీచర్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి కొత్తగా వచ్చేవారు, బదిలీల కౌన్సెలింగ్‌లో మీ బడిని కోరుకుని వచ్చేవారు. కార్పొరేషన్ బడి అయితే రిపన్ బిల్డింగ్‌లోని విద్యాశాఖ, రాష్ట్ర ప్రభుత్వ బడి అయితే జిల్లా విద్యాధికారి (డి.ఇ.ఓ.), ముఖ్య విద్యాధికారి (సి.ఇ.ఓ.) ఆఫీసులు. బోర్డు మాత్రం నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో, పాఠశాల విద్యాశాఖ ఆఫీసులున్న పాత డి.పి.ఐ. ప్రాంగణంలో ఉంది. 2022లో దానికి ప్రొఫెసర్ అన్బళగన్ పేరు పెట్టారు గాని ఆటోవాళ్ళకు ఇప్పటికీ డి.పి.ఐ. అంటేనే తెలుస్తుంది.

ఇక్కడ కమిటీ చేయగలిగేది ఒక్కటే. ఖాళీని ఖాళీగా చూపించేలా చేయడం. కౌన్సెలింగ్ జాబితాలో మీ బడి పేరు లేకపోతే, ఆ బడికి రావాలనుకున్న టీచరు కూడా రాలేరు. నెలవారీ కమిటీ సమావేశంలో తీర్మానం చేయండి. దాన్ని విద్యాశాఖ వారి టి.ఎన్.సెడ్ పేరెంట్స్ యాప్‌లో ఎక్కించాలి. రిజిస్టరులో రాసి బీరువాలో పెట్టిన తీర్మానం ఎవరికీ అందదు. తీర్మానం ఇలా ఉంటే చాలు: "మా బడిలో ఫలానా తేదీ నుంచి తెలుగు మీడియం సెకండరీ గ్రేడ్ పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఈ ఆగస్టు 1 నాటికి తెలుగు పిల్లలు ఇంతమంది. వచ్చే కౌన్సెలింగ్‌లో ఈ ఖాళీని చూపించాలని, అప్పటిదాకా తాత్కాలిక నియామకానికి అనుమతి ఇవ్వాలని కోరుతున్నాం." ఆవేశం అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 26వ సెక్షను ప్రకారం మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదన్న వాక్యం ఒకటి కలపండి.

అక్కడా కదలకపోతే భాషా మైనారిటీల కమిషనర్ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఆ కమిషనర్ పదవి రాజ్యాంగం 350బి అధికరణం కింద ఏర్పడింది. వాళ్ళు టీచరును వేయలేరు. కానీ వాళ్ళు రాష్ట్ర ప్రభుత్వానికి రాసిన ఉత్తరానికి ఎవరో ఒకరు జవాబు తయారు చేయాలి, ఆ జవాబు కోసమైనా మీ ఫైలు ఒకసారి తెరుస్తారు.

ఖాళీ ఉన్నన్నాళ్ళు: తాత్కాలిక టీచరు

2022లో తమిళనాడు ప్రభుత్వం 13,331 ఖాళీలను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల ద్వారా తాత్కాలికంగా నింపుకోమంది. అప్పట్లో సెకండరీ గ్రేడుకు నెలకు 7,500, బి.టి.కి 10,000, పి.జి.కి 12,000 రూపాయలు. విషయం హైకోర్టుకు వెళ్ళింది, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాసైనవారికి ముందు అవకాశం ఇవ్వాలని నిబంధనలు మార్చారు, తర్వాత జీతం మొత్తాలూ పెంచారు. ఏ ఏడాదికి ఆ ఏడాది ఉత్తర్వు చూసి, అందులో ఉన్న అంకెనే అభ్యర్థికి చెప్పండి. రెగ్యులర్ సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనమే 20,600తో మొదలవుతుంది. ఈ తేడా అభ్యర్థికి మీకంటే బాగా తెలుసు. ఆశలు పెట్టకండి, "రేపు పర్మనెంట్ అవుతుంది" అన్న మాట పొరపాటున కూడా అనకండి.

అర్హత విషయంలో బేరం లేదు. 1 నుంచి 5 తరగతులకు డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక టీచర్ల శిక్షణ డిప్లొమా, పాత పేరు డి.ఎడ్.) ఉండాలి. బి.ఎడ్. ఉంటే చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 6 నుంచి 8కి డిగ్రీ, బి.ఎడ్. ఉన్నవారిని చూడండి. టెట్ విషయానికొస్తే తమిళనాడు టెట్‌లో మొదటి భాషగా తెలుగును ఎంచుకోవచ్చు. తెలుగువాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియక తమిళం రాయాలేమోనని దరఖాస్తే పెట్టరు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఎయిడెడ్ మైనారిటీ బడి నడిపేవారికి ఒక మాట. 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు, రిటైర్మెంటుకు ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలంది. మైనారిటీ సంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను మాత్రం పెద్ద బెంచికి వదిలింది. అది తేలేదాకా టెట్ ఉన్నవారినే తీసుకోవడం క్షేమం.

మరి అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు? పేపర్లో ప్రకటన వేస్తే దొరకరు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పెళ్ళై చెన్నై వచ్చిన కోడళ్ళలో అక్కడ డి.ఎడ్. చేసి ఇక్కడ ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ ఖాళీ కబురు చేరదు, మనకు వాళ్ళ సంగతి తెలియదు. పేటలో గుడి నోటీసు బోర్డు, ఉత్తర చెన్నైలో ఆదివారం తెలుగు ఆరాధన జరిగే చర్చి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు, కిరాణా కొట్టు. ఈ నాలుగు చోట్లా ఒక పేజీ కాగితం అంటించండి. బి.టి. స్థాయికి మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖలోను, ప్రెసిడెన్సీ కాలేజీలోను అడగండి, చదువు పూర్తి చేసి బి.ఎడ్.లో ఉన్నవారి పేర్లు చెబుతారు. మూడో దారి రైలు దారి. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట నుంచి సబర్బన్ రైళ్ళలో రోజూ చెన్నై వచ్చిపోయేవారు బోలెడు. మీ బడి ఆ లైనులోని స్టేషనుకు నడిచేంత దూరంలో ఉంటే, కాగితంలో ఆ స్టేషను పేరు పెద్ద అక్షరాలతో రాయండి.

వేరే రాష్ట్రంలో చదివిన డిప్లొమాకు సమానత్వ ధ్రువపత్రం కావాలంటారేమో ముందే ఆఫీసులో కనుక్కోండి. చేరాక ఆ గొడవ వస్తే ఇద్దరికీ ఇబ్బంది.

ఇక ఎంపిక. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అని అడిగి పంపేయకండి. మూడో తరగతి పిల్లల ముందు ఇరవై నిమిషాల పాఠం చెప్పించండి, వెనక బెంచీలో కూర్చుని చూడండి. చెన్నై పిల్లల తెలుగుకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. అందుకని మన పిల్లలు గంపను కంప అని, బాటను పాట అని రాస్తారు. ఒత్తులంటే భయం. అభ్యర్థికి ఈ సంగతి ముందే చెప్పకుండా "బాట, పాట" రాయించమనండి. పిల్ల తప్పు రాసినప్పుడు "ఇది కూడా రాదా?" అనేవారు ఒక రకం. ఆ పిల్ల చేతిని తన గొంతు మీద పెట్టించుకుని, బ అన్నప్పుడు గొంతు ఎలా అదురుతుందో, ప అన్నప్పుడు ఎందుకు అదరదో చూపించేవారు ఇంకో రకం. రెండో రకం మనిషి దొరికితే, టెట్ మార్కులు రెండు తక్కువైనా నేనైతే ఆమెకే ఓటు వేస్తాను. పాసై ఉండాలి, అంతే.

ఇంకొకటి గమనించండి. పిల్లవాడు లేచి "మిస్, నా పెన్సిల్ తొలంజిపోయింది" అని తమిళం కలిపి అంటాడు. అభ్యర్థి నవ్వుతుందా, విసుక్కుంటుందా, లేక "పోయిందా? బెంచీ కింద చూడు నాన్నా" అని మామూలుగా తెలుగులో అందిస్తుందా? ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చినవారిలో కొందరికి మన పిల్లల మాటను వెక్కిరించాలనిపిస్తుంది. ఆ వెక్కిరింత చాలు, పిల్ల ఆ ఏడంతా నోరు విప్పదు.

ఎంపిక చేసినప్పుడు కమిటీలో ఎవరి బంధువైనా అభ్యర్థిగా ఉంటే ఆ సభ్యుడు ఆ రోజు బయట కూర్చోవాలి. మార్కుల కాగితం మీద అందరి సంతకాలూ ఉండాలి. తర్వాత ఎవరైనా ఫిర్యాదు పెడితే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

మొదటి నెల

తాత్కాలిక టీచర్లు మానేసేది జీతం తక్కువని మాత్రమే అనుకుంటాం. జీతం ఎంతో తెలిసే చేరారు కదా. చేరాక తెలిసేవి వేరు.

స్టాఫ్‌రూమ్‌లో తెలుగు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. సర్క్యులర్లు తమిళంలో, శిక్షణలు తమిళంలో, వాట్సాప్ గ్రూపు తమిళంలో. మూడో రోజుకు తలనొప్పి, పదో రోజుకు టెన్షన్. అందుకని చేరిన రోజే ఒక తమిళ టీచరును ఆమెకు తోడు పెట్టమని హెచ్.ఎం.ను అడగండి. ఆమె తెలుగు పిల్లల తమిళం గురించి తోటి టీచరుకు చెప్పాలి, ఆయన ఆమెకు సర్క్యులరు చదివి చెప్పాలి. ఇద్దరికీ లాభం ఉన్నప్పుడే ఇలాంటి తోడు నిలుస్తుంది.

ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల తెలుగు పిల్లలనూ ఒకే గదిలో వేసి "మీరే చూసుకోండి" అనడం ఇంకో అలవాటు. కొన్నిచోట్ల తప్పదు. అలాంటప్పుడు టైంటేబులు అయినా ముందే వేసి ఇవ్వండి. తెలుగు పుస్తకాల ఇండెంటు సరిగ్గా వెళ్ళిందో లేదో మే నెలలోనే అడగండి. తమిళ పుస్తకాలు జూన్‌లో వచ్చి, తెలుగువి రాకపోతే కొత్త టీచరు జిరాక్సు కాగితాలతో బడి మొదలుపెట్టాలి.

ఫోను బాగా వాడటం వచ్చిన చిన్న వయసు టీచరుకే ఎమిస్ పనులన్నీ అంటగట్టడం అన్ని బళ్ళలో ఉన్నదే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు ఇవ్వకూడదు. ఎమిస్ ఈ మూడింట్లో లేదు గాని, దాన్ని బడి పనే అంటారు. కాబట్టి సెక్షన్లు చదివి వినిపించి లాభం లేదు. పనిని పంచమని అడగండి. బ్యాంకు ఖాతా కాగితాలు, ఆధార్ నకళ్ళు, సంతకాలు సేకరించే భాగాన్ని పూర్వ విద్యార్థులు చేసిపెట్టవచ్చు. 2024 ఆగస్టులో కమిటీలను కొత్తగా వేసినప్పుడు పూర్వ విద్యార్థులకు అందులో చోటిచ్చింది ఇలాంటి పనులకు కూడా.

టీచర్లకు తాళం పడే మరుగుదొడ్డి, తాగేనీళ్ళు, స్టాఫ్‌రూమ్‌లో తిరిగే ఫ్యాను. ఈ మూడింటినీ మీరే వెళ్ళి కళ్ళతో చూడండి, నివేదికలో ఉన్నాయన్న మాట నమ్మకండి. డబ్బు కావాలంటే 2022 డిసెంబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన 'నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి' పథకం ద్వారా దాతలను అడగవచ్చు.

జీతం ఆలస్యం సంగతి మరీ ముఖ్యం. తాత్కాలిక టీచర్లకు రెండు మూడు నెలల జీతం ఒకేసారి రావడం కొత్త కాదు. రైలు పాసు కొనాల్సింది మాత్రం ప్రతి నెలా. పూర్వ విద్యార్థులు ఒక చిన్న నిధి పెట్టి, జీతం ఆలస్యమైన నెలలో అడ్వాన్సుగా ఇచ్చి, జీతం పడ్డాక వెనక్కి తీసుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. తల్లిదండ్రుల దగ్గర మాత్రం చందా వసూలు చేయొద్దు. నగదుగా ఇవ్వొద్దు. తల్లిదండ్రుల సంఘం ఖాతా నుంచి, తీర్మానం రాసి, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. నగదు చేతులు మారిన చోట ఆరు నెలల్లో గొడవ వస్తుంది.

ఏడాది దాటాక

ఆంధ్రలో డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) పడిందంటే మన టీచరు మనసు అటు లాగుతుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, అంతకు ముందు ఏడాది తెలంగాణలో 11,062. మంచి టీచరే పోతుంది, ఎందుకంటే పాసయ్యేది ఆమే. దీన్ని ఆపాలని చూడకండి. ఇక్కడే ఉండే దారి కూడా ఒకటి కనిపించేలా చేయండి.

ఆ దారిలో మొదటి గేటు తమిళం. 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం తమిళనాడు ఉద్యోగ పరీక్షల్లో పదో తరగతి స్థాయి తమిళ పేపరు ఉంటుంది, అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపరు దిద్దరు. చెన్నైలో పుట్టినవారికి ఇది లెక్క కాదు. నెల్లూరు కోడలికి కొండ. బడి అయ్యాక వారానికి రెండు రోజులు ఒక రిటైర్డ్ తమిళ టీచరు చేత చెప్పించగలిగితే, మీరు ఆమెకు ఇవ్వగలిగిన వాటిలో అంతకంటే విలువైనది లేదు. పైగా అది తరగతి గదిలోనూ పనికొస్తుంది.

రెండో గేటు రిజర్వేషను. వేరే రాష్ట్రపు కుల ధ్రువపత్రంతో తమిళనాడులో రిజర్వేషను రాదు, జనరల్ కోటాలో పోటీ పడాలి. ఈ నిజాన్ని ఆమెకు మొదట్లోనే చెప్పండి. మూడేళ్ళు చదివాక తెలిస్తే ఆ కోపం బడి మీద పడుతుంది.

టెట్, రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షల నెలలో పది రోజులు సెలవు కావాలంటే, ముందే తెలిసి ఉంటుంది కాబట్టి తరగతి ఎవరు చూడాలో రాసి పెట్టుకోండి. పరీక్షకు సెలవిచ్చిన బడిని ఏ టీచరూ మరచిపోదు. ఫెయిలైతే తిరిగి వచ్చేది కూడా అదే బడికి.

పాఠం బాగుందని చెప్పడానికి సన్మానాలు, శాలువాలు వద్దు. "మా అమ్మాయి నిన్న బస్సు బోర్డు తెలుగులో రాసి చూపించింది మిస్" అని గేటు దగ్గర ఒక తల్లి చెబితే, దాని ముందు శాలువా ఎందుకూ పనికిరాదు. ఫిర్యాదు ఉంటే మాత్రం గేటు దగ్గర చెప్పకండి, లోపలికి వెళ్ళి హెచ్.ఎం. ముందు చెప్పండి.

హెచ్.ఎం. సంగతి

హెచ్.ఎం. పోస్టు ఖాళీగా ఉంటే ఒక టీచరు ఇన్‌చార్జిగా ఉంటారు. పాఠాలూ ఆమెవే, ఆఫీసూ ఆమెదే. మధ్యాహ్న భోజనం లెక్క, ఉచిత పుస్తకాలు, సమావేశాలు, మీ అర్జీలు. ఇన్‌చార్జి తెలుగు టీచరే అయితే తెలుగు తరగతి మూతపడినట్టే. అలాంటి బడిలో కమిటీ మొదటి తీర్మానం హెచ్.ఎం. పోస్టు గురించి ఉండాలి, ఆ తర్వాతే మిగతావి.

రెగ్యులర్ హెచ్.ఎం. వచ్చాక ఆయన సమయాన్ని కాపాడండి. పొద్దున ప్రార్థన వేళకు పదిమంది కలిసి గదిలోకి వెళ్ళకండి. వారంలో ఒక సాయంత్రం ఖాయం చేసుకుని, అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఇద్దరే వెళ్ళండి. తమిళ హెచ్.ఎం. అయితే తెలుగు సెక్షను తన బడిలో అద్దెకున్నట్టు అనుకోకుండా చూసుకోవాల్సింది మీరే. తెలుగు పిల్లల తమిళం మార్కులు పెరిగినప్పుడు ఆ సంగతి ముందు ఆయనకు చెప్పండి, ఆయన పై ఆఫీసుకు చెప్పుకుంటారు. బడిలో సెక్షను బతకడానికి ఇలాంటివే ఎక్కువ పనిచేస్తాయి.

వెళ్ళిపోయేటప్పుడు

ఎంత చేసినా కొందరు వెళ్తారు. పెళ్ళి, బదిలీ, డీఎస్సీ. మొహం మాడ్చుకోకుండా ఒక గంట కూర్చోబెట్టి అడగండి. ఏ పిల్లకు ఎక్కడ ఆగిపోయింది, ఏ పాఠం దాకా వచ్చారు, బడిలో ఏది భరించలేకపోయారు. చివరి ప్రశ్నకు నిజం చెప్పేది వెళ్ళేవాళ్ళే. తర్వాతి టీచరుకు అప్పగించడానికి తరగతి వారీగా నాలుగు పేజీల నోట్సు రాయించుకోండి, దానికి ఆ నెల జీతం ఆలస్యం కాకుండా చూడండి.

ఆమె తోటి డి.ఎడ్. స్నేహితుల్లో చెన్నైలో ఉన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు ఆమెనే అడగండి. కొత్త మనిషి చాలాసార్లు ఆ జాబితాలోంచే వస్తుంది. ఆ జాబితా ఒక నకలు హెచ్.ఎం. బీరువాలో, ఇంకొకటి కమిటీ రిజిస్టరులో ఉండాలి. హెచ్.ఎం. కూడా బదిలీ అవుతారు కదా.